తాతయ్య పెట్టెలో గీకేసిన పేరు

పేరు వద్దన్న ఒక పాఠకురాలు కోస్తా జిల్లా నుంచి ఆరు పేజీల ఉత్తరం రాశారు. దాన్ని కుదించి ఇస్తున్నాను. ఊరు, యూనివర్సిటీ, మనుషుల గుర్తులు తీసేశాను.

ఆమె వయసు 32. చరిత్రలో ఎం.ఏ., తర్వాత లైబ్రరీ సైన్స్‌లో పీజీ. ఇప్పుడు లైబ్రరీ సైన్స్ విభాగంలోనే పీహెచ్‌డీ మూడో ఏడు. కాలేజీ విద్యార్థులు డిజిటల్ లైబ్రరీలను ఎలా వాడుతున్నారన్న సర్వే ఆమె టాపిక్. ప్రశ్నావళి పంచారు, సగం సమాధానాలు చేతికొచ్చాయి. నాలుగేళ్ళ పాప ఉంది.

కిందటేడు బామ్మగారు పోయాక ఊళ్ళో ఇల్లు పంపకాలకొచ్చింది. అటక మీద రెండు టేకు పెట్టెలు బయటపడ్డాయి. ఆమె తాతగారు 1984 జనవరిలో కరణీకాలు రద్దయ్యేదాకా ఆ ఊరి కరణం. పెట్టెల నిండా గుడ్డల్లో చుట్టిన దస్త్రాలు: అడంగళ్ళు (ఏ పొలం ఎవరు సాగుచేస్తున్నారో ఏటేటా రాసే లెక్కలు), టెన్ వన్ ఖాతాలు (ఏ పట్టా ఎవరిదో చూపేవి), అర్జీల నకళ్ళు, శిస్తు లెక్కలు. వాటి మధ్యలోనే ఇంటి ఉత్తరాలు, పెళ్ళి ఖర్చుల జాబితాలు, జాతకాలు. అది చూసినప్పట్నుంచీ ఆమెకు సర్వే మీద మనసు లేదు. ఒక ఊరి రికార్డు ఎలా పుట్టింది, ఎవరి చేతుల్లో నలిగింది, కరణీకాలు పోయాక ఎక్కడెక్కడికి చెదిరిపోయింది అన్నదే తన థీసిస్ కావాలనుకుంటున్నారు.

గైడ్ గారు ఒప్పుకోలేదు. "ఇది హిస్టరీ అమ్మా, మన సబ్జెక్టు కాదు. ఉన్నది ఏడాదిలో పూర్తి చెయ్యి, నేను రెండేళ్ళలో రిటైరవుతున్నాను" అన్నారు. చరిత్ర విభాగంలో ఒక ప్రొఫెసర్‌ని అడిగితే, "ఆ కాగితాలతో భూమి మీదో కులం మీదో రాయి, బ్రహ్మాండంగా ఉంటుంది. పెట్టె మీదే పీహెచ్‌డీ ఏమిటి?" అన్నారట. ఇంట్లో అత్తగారు "ఇంకా ఎన్నేళ్ళు?" అని అడగని రోజు లేదు. పెదనాన్న పాత వస్తువులు కొనేవాళ్ళతో మాట్లాడుతున్నారు. బాబాయ్ మాత్రం, "ఒక్క కాగితం బయటికెళ్ళినా ఊళ్ళో తగాదాలొస్తాయి, తగలబెట్టేద్దాం" అంటున్నారు. "అసలు ఇలాంటి సబ్జెక్టు ఉందా? ఉంటే నేను అందులోకి వెళ్ళాలా? పెట్టెలు ఏం చెయ్యాలి?" అని ఆమె మూడు ప్రశ్నలు వేశారు.

చివర తా.క. అని రెండు వాక్యాలున్నాయి. "ఫసలీ 1369 అడంగల్‌లో ఒక సర్వే నంబరు దగ్గర సాగుదారు పేరు బ్లేడుతో గీకేసి, దాని మీద మా కుటుంబంలో ఒకరి పేరు రాసి ఉంది. ఈ మాట ఇంకా ఎవరికీ చెప్పలేదు."

అమ్మా,

మీరు అన్నిటికంటే చిన్న అక్షరాలతో రాసింది ఆ తా.క. మిగతా ఆరు పేజీల బరువూ దాని మీదే ఉందని నాకనిపించింది. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

ఫసలీ అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం. ఫసలీ 1369 అంటే 1959-60. ఆంధ్ర ప్రాంతంలో కౌలుదార్లకు రక్షణ ఇచ్చే చట్టం 1956లో వచ్చింది. పొలం దున్నేవాడి పేరు అడంగల్‌లో కనబడడం కొందరు భూస్వాములకు రుచించని రోజులవి. కాబట్టి మీ అనుమానానికి ఆధారం లేదని నేననను. అలాగని ఆ ఒక్క పేజీ చూసి మీ తాతగారి మీద తీర్పు చెప్పేయకండి. కరణం ఏడాది పొడవునా పొలాలు తిరిగి రాసుకున్న దాన్ని రెవెన్యూ ఇన్‌స్పెక్టరు అజమాయిషీకి వచ్చి సరిచూసేవాడు. తప్పు దొరికితే దిద్దించి పక్కన పొడి సంతకం పెట్టేవాడు. ఆ గీకిన చోటికి పక్కన మార్జిన్‌లో సంతకం గానీ తేదీ గానీ ఉందా? సిరా రంగు పేజీలో మిగతా రాతతో కలుస్తోందా, తేడాగా ఉందా? అదే సర్వే నంబరు ఫసలీ 1368లో ఎవరి పేరున ఉంది, 1370లో ఎవరి పేరున ఉంది? టెన్ వన్‌లో పట్టా ఎవరిది? పేజీని దీపానికి అడ్డంగా, ఏటవాలుగా పట్టుకుంటే గీకిన పేరు చాలాసార్లు నీడలా కనిపిస్తుంది. మీకు కనిపించే ఉంటుంది. ఆ పేరేమిటో ఉత్తరంలో రాయలేదు, అది మంచి పనే.

చూడండి, ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా "1959లో ఆ పొలం ఎవరు దున్నారు?" అన్నది కాదు. అది చరిత్రకారుడు అడిగేది. నేనడిగినవన్నీ కాగితం గురించినవే: ఎవరు రాశారు, ఎవరి ఆజ్ఞ మీద రాశారు, ఎవరు సరిచూశారు, ఎవరు మార్చారు, ప్రభుత్వానికి అప్పగించాల్సిన దస్త్రం ఇంటి అటక మీద ఎందుకు మిగిలింది? ఆర్కైవల్ స్టడీస్ అంటే ఇదే. మీకు ఇద్దరు ప్రొఫెసర్లూ "మా సబ్జెక్టు కాదు" అన్నారు చూడండి, ఆ గీకేసిన పేరుకి సరైన విలువ ఇచ్చే సబ్జెక్టు ఆ ఇద్దరి విభాగాల మధ్య సందులో ఉంది. అది మీ ఊహ కాదు.

దాని పుట్టుక గురించి కొంచెం చెప్తాను, వైవాలో మీకే పనికొస్తుంది. 1898లో ముగ్గురు డచ్చి ఆర్కైవిస్టులు, అంటే పాత రికార్డులు భద్రపరిచేవాళ్ళు, తమ పని సూత్రాలను పుస్తకంగా రాశారు. ఒక ఆఫీసు కాగితాలను వేరే ఆఫీసు కాగితాలతో కలపకూడదు, ఆ ఆఫీసు పెట్టుకున్న వరసను చెడగొట్టకూడదు అన్నది వాళ్ళ సారాంశం. 1922లో ఇంగ్లండ్‌లో జెంకిన్సన్, 1956లో అమెరికాలో షెలెన్‌బర్గ్ తమ తమ వాదాలు వినిపించారు. ఏ కాగితం ఉంచాలో ఆర్కైవిస్టు నిర్ణయించడమే తప్పని మొదటాయన, గుట్టలుగా పెరిగే ఆధునిక ప్రభుత్వ కాగితాల్లో ఎంపిక తప్పదని రెండో ఆయన. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్ళు, రికార్డుకి పుట్టుక ఒకచోట, నిల్వ ఇంకోచోట అని గీత గీయలేమని, అది రాసిన క్షణం నుంచీ కొత్త కొత్త వాడకాల్లో మారుతూనే ఉంటుందని చెప్పారు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ నుంచి లుచియానా దురాంతి, ఒక పత్రాన్ని ఎందుకు నమ్మాలి అన్న పాత ప్రశ్నను కంప్యూటర్ ఫైళ్ళ దాకా తీసుకొచ్చి, 1999 నుంచి ఇంటర్‌పారెస్ అనే పెద్ద పరిశోధన నడిపారు.

ఇంత ఉన్నా, ఈ సబ్జెక్టులో పీహెచ్‌డీ చేసేవాళ్ళు ఎక్కడైనా తక్కువే. ఒక్కో విభాగంలో ఒకరో ఇద్దరో ఉంటారు. పక్క గదిలో అందరూ వేరే పని చేస్తుంటే వీళ్ళు ఒంటరిగా కూర్చుంటారు. ఆ ఒంటరితనం పోగొట్టడానికే 2009లో లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఏఈఆర్ఐ అనే కార్యక్రమం మొదలైంది. ఎండాకాలంలో ఒక వారం పాటు రకరకాల యూనివర్సిటీల పరిశోధక విద్యార్థులు, అధ్యాపకులు ఒకచోట చేరి, సగం రాసిన అధ్యాయాలు కూడా ఒకరికొకరు చదివి వినిపించుకునే ఏర్పాటు అది. తర్వాత ఒక్కో ఏడు ఒక్కో యూనివర్సిటీకి వెళ్ళింది. అంత ధనిక దేశంలోనూ ఈ విద్యార్థులకు అలాంటి ఆసరా కావలసివచ్చిందంటే, మీకు మీ డిపార్ట్‌మెంట్‌లో తోడు దొరకనందుకు మీలో లోపం వెతుక్కోవక్కర్లేదు.

మన దేశంలో పరిస్థితి మీకు తెలిసిందే. ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ నడిపే స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో డిప్లొమా, కొన్ని చిన్న కోర్సులు నడుస్తూ వచ్చాయి. అవి ఉద్యోగం చేయడం నేర్పుతాయి, పరిశోధన వేరే సంగతి. నెట్ పరీక్షలో లైబ్రరీ సైన్స్ ఉంది, హిస్టరీ ఉంది, మ్యూజియాలజీ కూడా ఉంది. ఆర్కైవ్స్ పేరుతో విడి సబ్జెక్టు లేదు. నెట్‌లో లేని సబ్జెక్టులో లెక్చరర్ పోస్టు పుట్టదు, పోస్టు లేకపోతే గైడు ఉండడు, గైడు లేనిచోట స్కాలర్ ఉండడు. నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం ఇది. ఇంత కాగితం ఉన్న దేశంలో ఆ కాగితం గురించి ఆలోచించే మనుషుల్ని తయారుచేసే చోటు ఇంత ఇరుకు. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్‌నే తీసుకోండి. షాజహాన్, ఔరంగజేబు కాలాల పారసీ కాగితాలే అక్కడ లక్షకు పైగా ఉన్నాయి. వాటిని వాడి థీసిస్‌లు రాసిన చరిత్ర విద్యార్థులు చాలామంది. ఆ దఫ్తర్ ఎలా నడిచింది, అందులో గుమాస్తాలు కాగితాన్ని ఎలా కట్టలు కట్టారు అని అడిగిన వాళ్ళు బహు కొద్దిమంది.

వరస గురించి ఒక మాట. నేను రికార్డు ఆఫీసులో చేరిన కొత్తలో, ఒక పాత తాలూకా నుంచి వచ్చిన ముప్ఫై కట్టలు సర్దమని ఇచ్చారు. ఉత్సాహంగా అన్నీ విప్పి, అర్జీలన్నీ ఒకచోట, శిస్తు లెక్కలన్నీ ఒకచోట, కోర్టు కాగితాలన్నీ ఒకచోట నీటుగా పెట్టాను. రెండు రోజులు పట్టింది. మా పెద్ద గుమాస్తా వచ్చి చూసి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక అర్జీ చేతిలోకి తీసుకుని, "దీనికి జవాబు ఏది?" అన్నారు. జవాబు దాని కిందే ఉండేది, నేను విప్పక ముందు. ఏ రైతు ఏం అడిగాడు, ఎన్నాళ్ళకు ఎవరు ఏం రాశారు అన్న కథంతా ఆ కట్టలో ఒకదాని కింద ఒకటిగా ఉండేది. దాన్ని నా చేతులతో చెరిపేశాను. మళ్ళీ కలపడం కుదరలేదు. ఇన్నేళ్ళయినా ఆ అర్జీ పట్టుకున్న ఆయన చెయ్యి నాకు గుర్తే.

ఇక మీ తాతగారి పెట్టెలు. కరణాల రాతకు మన దగ్గర పెద్ద వంశవృక్షమే ఉంది. కంపెనీ కాలపు సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఊరూరూ తిరిగి కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు) పోగుచేసినప్పుడు, వాళ్ళు వెతికినవాటిలో కరణాల ఇళ్ళల్లో ఉన్న కవిలె కట్టలు, అంటే ఊరి పాత లెక్కల పుస్తకాలు, ముఖ్యమైనవి. 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణ లండన్, మద్రాసు, కలకత్తాల మధ్య చీలిపోయింది. మద్రాసులో మిగిలినవి శిథిలమవుతుంటే సి.పి. బ్రౌన్ కొత్త ప్రతులు రాయించాడు. ఒక ఊరి రాత ఎలా కదులుతుందో, కదిలిన ప్రతిసారీ ఏం పోగొట్టుకుంటుందో అర్థం చేసుకోవడానికి అది ఒక ఉదాహరణ. 1984 ఇంకో ఉదాహరణ. ఒక్క ఆర్డినెన్సుతో కరణీకాలు పోయాయి. ఊళ్ళల్లో ఉన్న దస్త్రాలు తాలూకా ఆఫీసుకి అప్పగించమన్నారు. ఏడాది తిరిగేసరికి, 1985లో తాలూకాలే పోయి మండలాలు వచ్చాయి. అప్పగించిన కట్టలు మళ్ళీ విడదీసి ఏ ఊరివి ఆ మండలానికి పంపాలి. ఆ రెండేళ్ళలో రాష్ట్రమంతటా గ్రామ రికార్డు చేతులు మారిన తీరు మీద ఒక్క మండలాన్ని పట్టుకుని గట్టిగా రాసినా అది మంచి పీహెచ్‌డీ అవుతుంది. అప్పుడు పాతికేళ్ళ వయసున్న కరణాలు ఇప్పుడు 65 దాటారు. వాళ్ళ జ్ఞాపకాలు ఆగవు.

మీ ముందున్న దార్లు ఒక్కొక్కటే చూద్దాం.

ఉన్న విభాగంలోనే, ఉన్న గైడ్ దగ్గరే టాపిక్ మార్చుకోవడం ఒకటి. మీ గైడ్ గారు "హిస్టరీ" అనడానికి కారణం మీరు ఆయనకు పెట్టె చూపించడమే అనుకుంటున్నాను. ఈసారి పెట్టె చూపించకండి. రెండు పేజీల్లో ప్రశ్న రాసి చూపించండి: 1984-85 మార్పుల్లో ఒక మండలం గ్రామ రెవెన్యూ రికార్డుల కస్టడీ, అమరిక, వివరణ ఎలా మారాయి? ఇది రికార్డ్స్ మేనేజ్‌మెంట్ అనీ, మీ లైబ్రరీ సైన్స్ పీజీ సిలబస్‌లో ఉన్న వర్గీకరణ, సంరక్షణ పాఠాలకు కొనసాగింపేననీ ఆయనకు అర్థమవుతుంది. తహసీల్దారు ఆఫీసు రికార్డు రూము చూడడం, పాత కరణాలతో, ఇప్పటి వీఆర్వోలతో ఇంటర్వ్యూలు, ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు రెవెన్యూ బోర్డు ప్రొసీడింగ్స్ చదవడం, ఇవి పద్ధతులు. మీ తాతగారి పెట్టెలు అందులో ఒక అధ్యాయం మాత్రమే. దీనివల్ల నష్టమేమిటంటే మీరు చేసిన సగం సర్వే పోతుంది. కమిటీ ముందు మళ్ళీ నిలబడాలి. రికార్డు రూములోకి అనుమతి కోసం నెలలు తిరగాల్సిరావచ్చు. అది దొరక్కపోతే థీసిస్ ఎలా నిలబడుతుందో ముందే ఆలోచించుకోవాలి.

రెండోది, సర్వే పూర్తి చేసి పట్టా తీసుకుని, ఆ తర్వాత ఇది మొదలుపెట్టడం. దీన్ని తక్కువగా చూడొద్దు. చాలామంది మంచి పరిశోధకులు మొదటి థీసిస్ ఒకటి రాసి, జీవితమంతా ఇంకోదాని మీద పనిచేశారు. పట్టా చేతికొస్తే ఉద్యోగానికి అప్లై చేయవచ్చు, ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది, రేపు మీరే గైడ్ అయి మీలాంటి అమ్మాయికి "అవును, ఇది మన సబ్జెక్టే" అని చెప్పగలరు. బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి నడుపుతున్న ఎన్‌డేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ లాంటివాటికి ఒక సంస్థ అండతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ప్రోగ్రామ్‌లో అసలు కాగితాలు దేశం దాటవు, డిజిటల్ కాపీలే వెళ్తాయి. కానీ మనసు లేని పని ఇంకో ఏడాది చేయగలరా అన్నది మీకే తెలియాలి. "ఏడాదిలో" అన్నది రెండేళ్ళు కావడం నేను చాలాసార్లు చూశాను.

చరిత్ర విభాగంలోకి మారడం నాకు అంతగా నచ్చలేదు. కోర్స్‌వర్క్ మళ్ళీ చేయాల్సి రావచ్చు, పైగా ఆ ప్రొఫెసర్ గారు మీ ప్రశ్న పక్కనపెట్టి తన ప్రశ్న మీకిస్తారు. ఆయనను కో-గైడ్‌గా అడగడం మేలు. ఇది అసలు ఆలస్యం చేయకూడని సంగతి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, రిటైరైన గైడు తన దగ్గర ఇప్పటికే రిజిస్టరైన వాళ్ళకి 70 ఏళ్ళ వయసు దాకా కో-గైడ్‌గా మాత్రమే కొనసాగగలరు. అంటే ఏ దారిలో వెళ్ళినా మీకు రెండేళ్ళలో ఇంకో గైడు కావాలి. ఆ మనిషిని మీరే ఎంచుకోండి, చివర్లో ఆఫీసు వాళ్ళు ఎవరినో తగిలించేదాకా ఆగకండి.

విదేశం సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి కొట్టేశారు. కొట్టేయక్కర్లేదు. లాస్ ఏంజిల్స్‌లో ఈ సబ్జెక్టు బోధించే మిషెల్ కాస్వెల్, 2008లో దక్షిణాసియా అమెరికన్ల డిజిటల్ ఆర్కైవ్ స్థాపించిన ఇద్దరిలో ఒకరు. మన వలస కుటుంబాల ఉత్తరాలు, ఫొటోలు అక్కడ భద్రపరుస్తున్నారు. అంటే మీ ప్రశ్నలు అక్కడ పరాయివి కావు. ఫండింగ్ దొరికితే చదువు గొప్పగా ఉంటుంది. కాకపోతే మళ్ళీ మొదటినుంచి నాలుగైదేళ్ళు, పాపతో, మీవారి ఉద్యోగం ఇక్కడ వదిలి. అన్నిటికీ మించి మీ రికార్డు రూము, మీ ముసలి కరణాలు ఇక్కడ ఉంటారు, మీరు అక్కడ.

నన్ను అడిగితే మొదటి దారి వైపే మొగ్గుతాను. మీ ఇంటి పరిస్థితి చూసి మీరు రెండోది ఎంచుకున్నా నాకు ఆశ్చర్యం లేదు.

అత్తగారికి చెప్పడానికి ఒక లెక్క: ఇందాక చెప్పిన యూజీసీ నిబంధనల్లోనే పీహెచ్‌డీకి గడువు ఆరేళ్ళు, మళ్ళీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండు, ఆడవాళ్ళకి ఆ పైన మరో రెండు. పిల్లల సంరక్షణకి, ప్రసూతికి కలిపి 240 రోజుల దాకా సెలవు కూడా ఉంది. మీరు ఆలస్యమైపోలేదు. ఆవిడ రోజూ అడగడం వెనక పాప గురించిన దిగులు కూడా ఉందేమో, ఒకసారి కూర్చుని ఈ సంవత్సరాలు కాగితం మీద వేసి చూపించండి. తేదీ కనిపిస్తే పెద్దవాళ్ళు చాలాసార్లు నెమ్మదిస్తారు.

థీసిస్ నిర్ణయం ఆరు నెలలు ఆగినా పరవాలేదు. పెట్టెలు ఆగవు. చెదపురుగు మీ సినాప్సిస్ కోసం ఎదురుచూడదు, పంపకాలూ చూడవు. ముందు నాన్నగారిని మీ వైపు తిప్పుకోండి. ముగ్గురు అన్నదమ్ములూ ఒక తెల్లకాగితం మీద సంతకాలు పెట్టి, "పెట్టెలు పంపకంలో లేవు, ఫలానా గడువు దాకా ముగ్గురివీ" అని రాసుకునేలా చూడండి. పెదనాన్నగారికి చెప్పండి: పాత వస్తువులవాడు పెట్టె కొంటాడు, లోపలి కాగితాల్లో స్టాంపు బాగున్న నాలుగు తీసుకుని మిగతావి తూకానికి వేస్తాడు. విడిపోయిన కాగితం ఏ ఊరిదో, ఎవరిదో చెప్పలేని కాగితమైపోతుంది.

బాబాయ్ గారి భయాన్ని మాత్రం కొట్టిపారేయకండి. ఆయన చెప్పేది నిజమే, తగాదాలు వస్తాయి. ఇనాములు, కౌళ్ళు, తర్వాత వచ్చిన ఎసైన్డ్ భూములు, అన్నీ ఆ దస్త్రాల్లో పేర్లతో సహా ఉంటాయి. కానీ ఆయన కాల్చేద్దామంటున్న కాగితాల్లో ఒకటి, ఊళ్ళో ఎవరికో తమ తాత ఆ పొలం దున్నాడనడానికి మిగిలిన ఏకైక రుజువు కావచ్చు. ఆ మనిషికి ఇప్పటిదాకా అది ఉందనే తెలియదు. అందుకే కాల్చడమన్న మాట వినగానే నాకు గుండె గుబేలుమంది.

పెట్టెలో అన్నీ ఒక రకం కాగితాలు కావు. 1984లో అప్పగించాల్సిన సర్కారు లెక్కలు కొన్ని, కరణాలు తమ వాడకానికి రాసి ఉంచుకున్న నకళ్ళు కొన్ని, మీ ఇంటివి కొన్ని. ఏది ఏదో తేల్చడానికి రెవెన్యూ కేసులు వాదించే ఒక లాయరుని కలవండి, ఏదైనా బయటపెట్టే ముందే కలవండి. సర్కారు లెక్కలు కలెక్టరేట్‌కి గానీ స్టేట్ ఆర్కైవ్స్‌కి గానీ ఇస్తే చట్టపరంగా మీరు నిశ్చింతగా ఉంటారు, అయితే లిస్టు రాసి ప్రతి పేజీకీ రసీదు తీసుకోవాలి. లేకపోతే అక్కడి మూలగదిలో ఇంకో అటక చేరతాయి. ఏదైనా యూనివర్సిటీకి ఇస్తే చదివేవాళ్ళు దొరుకుతారు, కానీ షరతులు రాతలో ఉండాలి: ఎవరు చూడొచ్చు, ఎప్పటి నుంచి, ఊరివాళ్ళు తమ సర్వే నంబరు అడిగితే ఏం చేయాలి. ఇంట్లోనే ఉంచుకుంటే అన్నీ మీ చేతిలో ఉంటాయి, బాధ్యతా మీదే, మీ తర్వాత ఎవరిదన్న ప్రశ్న మిగులుతుంది. మీరు ఫొటో తీసిన పేజీ సర్టిఫైడ్ కాపీ కాదు. ఎవరైనా అడిగినా ఆ పేరుతో ఇవ్వకండి.

ఇక ఆ గీకేసిన పేరు. మీరు మొదటి దారిలో వెళ్తే ఆ పేజీ థీసిస్‌లోకి రావాలి. "ఈ దస్త్రాలు మా కుటుంబంవి, రాసింది మా తాత, ఇందులో లాభపడినవాళ్ళు మావాళ్ళు కావచ్చు" అని మొదటి అధ్యాయంలోనే రాయండి. సర్వే నంబరు, ఊరు, పేర్లు మార్చి అయినా సరే, దాచకుండా రాయండి. మనవరాలు ఇది రాయకూడదన్న నియమం ఏదీ లేదు. అలా రాయలేననిపిస్తే ఆ పేజీని వదిలేసి థీసిస్ రాయకండి, పెట్టెల్నే వదిలి రికార్డు రూము మీద రాయండి. మొదటిది కష్టం, ఇంట్లో కొన్నాళ్ళు మాటలు ఉండకపోవచ్చు. రెండోది కూడా నిజాయితీగా చేయగల పనే. ఆ పేజీ దొరకనట్టు నటించే మూడో దారి మాత్రం మీకు నిద్ర పట్టనివ్వదు. అది మీ తా.క.లోనే తెలుస్తోంది. గీకిన పేరు చదవగలిగి ఉంటే, వాళ్ళ మనవలెవరో ఊళ్ళో ఉండే ఉంటారు. వాళ్ళతో ఎప్పుడు, ఎలా మాట్లాడాలన్నది లాయర్ని కలిశాక నాన్నగారితో చర్చించండి. దీనికి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు.

ఈ ఆదివారం ఊరెళ్తున్నానని రాశారు. పెట్టెల్ని అటక మీంచి దించి, గోడకి జానెడు దూరంగా చెక్కల మీద పెట్టండి. మూత తీయగానే ఏదీ ముట్టుకోకుండా పైనుంచి ఒక ఫొటో. ఒక కట్ట తీసినప్పుడల్లా మళ్ళీ ఒక ఫొటో, పెన్సిల్‌తో నంబరు రాసిన చీటీ పక్కన పెట్టి. తుప్పుపట్టిన గుండుసూదులు లాగకండి, సెల్లోటేపు, ఫెవికాల్ దగ్గరికి రానివ్వకండి, ఎండలో పరవకండి, పురుగుల మందు కొట్టకండి. ఇంటి ఉత్తరం శిస్తు లెక్కల మధ్యలో కనిపిస్తే అక్కడే ఉండనివ్వండి, ఆయన ఆ రోజు అక్కడ ఎందుకు పెట్టారో ఇంకా మనకి తెలియదు. దస్త్రాల ముడుల కింద తాతగారు చిన్న చిన్న చీటీలు దూర్చి ఉంచారని మూడో పేజీలో రాశారు కదా, వాటి మీద ఫసలీ నంబరు కాకుండా ఇంకేదో గుర్తు ఉందని. ఆ గుర్తులు ఏమిటో నాకు రాసి పంపండి. చీటీలు మాత్రం తీయకండి.